ముసోలినీ తల మడతలోకి పోయిన చిత్రనేత: హన్నా రిగ్గెన్ మగ్గం వెనక కథ

1937లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు నార్వే పంపినవాటిలో గోడకు తగిలించే ఒక ఉన్ని చిత్రనేత ఉంది. ఎత్తు 160 సెంటీమీటర్లు, పొడవు 380. పేరు ‘ఇథియోపియా’. కుడి చివర ఒక నల్లజాతి మనిషి పట్టుకున్న ఈటెకు ఇటలీ నియంత ముసోలినీ తల గుచ్చి ఉంటుంది. ఇటలీకి కోపం వస్తుందన్న జంకుతో నిర్వాహకులు ఆ ముక్కను వెనక్కి మడిచి, మిగతాది గోడకు తగిలించారు. అదే ప్రదర్శనలో, స్పెయిన్ మంటపంలో, పికాసో గీసిన యుద్ధ వ్యతిరేక చిత్రం ‘గెర్నికా’ పూర్తిగా కనిపిస్తూనే ఉంది.

ఆ నేత నేసిన హన్నా రిగ్గెన్ పేరు చాలాకాలం స్కాండినేవియా దాటి వినిపించలేదు. గత పదిహేనేళ్లుగా యూరప్ మ్యూజియాలు ఆమెను మళ్లీ ముందుకు తెస్తున్నాయి. దాంతోపాటే కొన్ని చిక్కుముడులూ వచ్చాయి. ఒకచోట ఆమెను చిత్రకారిణి అంటారు, ఇంకోచోట నేతకళాకారిణి అంటారు. స్వీడన్ మనిషి అని కొందరు, నార్వే మనిషి అని కొందరు. ఆమె పని చేతిపనుల మ్యూజియంలో ఉండాలా, చిత్రకళ గ్యాలరీలో ఉండాలా అన్నదీ తేలని సంగతే. వీటన్నిటికీ జవాబు ఆమె బొమ్మల్లో కంటే ముందు ఆమె ఉన్నిలో దొరుకుతుంది.

క్లుప్తంగా

హన్నా రిగ్గెన్ (1894–1970) స్వీడన్‌లో పుట్టి, చిత్రలేఖనం నేర్చుకుని, పెళ్లి తర్వాత నార్వే తీరంలోని చిన్న కమతంలో స్థిరపడింది. సొంత గొర్రెల ఉన్ని, సొంతంగా వేసుకున్న రంగులు, భర్త చేసిపెట్టిన మగ్గం, వీటితో సుమారు వంద పెద్ద చిత్రనేతలు నేసింది. ఫాసిజం, నాజీ ఆక్రమణ, అణ్వస్త్రాలు, వియత్నాం యుద్ధం వాటిలోకి వచ్చాయి. ముడిసరుకుకు ఎవరి మీదా పెద్దగా ఆధారపడకపోవడం ఆమెకు మాట స్వేచ్ఛ ఇచ్చింది. నేతను చేతిపని కింద జమకట్టే అలవాటు, ప్రైవేటు వ్యక్తులకు అమ్మడానికి ఆమె ఇష్టపడకపోవడం కలిసి ఆమె పేరును చాలాకాలం మరుగున ఉంచాయి.

బడి నుంచి కమతానికి

1894 మార్చి 21న మాల్మోలో పుట్టిన హన్నా యోన్‌సన్ మొదట బడి టీచరు. పగలు పాఠాలు, సాయంత్రాలు చిత్రలేఖనం. లుండ్‌లో ఫ్రెడ్రిక్ క్రెబ్స్ అనే డెన్మార్క్ చిత్రకారుడి దగ్గర ఆరేళ్లపాటు నేర్చుకుంది. 1922లో పాత చిత్రాలు చూసి చదువుకోవడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లింది. అక్కడ నార్వే చిత్రకారుడు హాన్స్ రిగ్గెన్ పరిచయమయ్యాడు. మరుసటి ఏడు పెళ్లి. 1924లో కూతురు మోనా పుట్టింది, ఆ ఏడే కుటుంబం హాన్స్ సొంత ప్రాంతమైన ఓర్లాండ్ చేరింది.

ఓర్లాండ్ అంటే ట్రోండ్‌హైమ్ ఫియర్డు (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) సముద్రంలో కలిసే చోట ఉన్న చదునైన, గాలి ఆగని నేల. కొత్త కాపురానికి కరెంటు లేదు, కుళాయి లేదు. కొద్దిపాటి పొలం, కొన్ని గొర్రెలు. స్వీడన్ మనిషా నార్వే మనిషా అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. చదువు స్వీడన్‌ది, బతుకూ పనీ నార్వేవి. మ్యూజియం పలకల మీద రెండు దేశాల పేర్లూ కనిపించడానికి కారణం ఇదే.

చిత్రకారిణిగా తయారైన మనిషి రంగుల ట్యూబులు వదిలి ఉన్ని పట్టుకోవడానికి కారణాన్ని చాలామంది కళాత్మకమైన పిలుపుగా రాస్తారు. అందులో నిజం ఉండొచ్చు. అయితే ఆ ఊళ్లో, ఆ ఆదాయంతో, కాన్వాసూ నూనెరంగులూ డబ్బుపెట్టి కొనాల్సినవి. ఉన్ని పెరట్లోనే మేస్తోంది. ఆమె ఎంపికలో ఈ లెక్క లేదనుకోవడం కష్టం. హాన్స్ మగ్గం చేసిపెట్టాడు. ఆ తర్వాత కూడా ఆమె తనను చిత్రకారిణిగానే చెప్పుకుంది, కుంచె బదులు మగ్గం పట్టుకున్న చిత్రకారిణిగా.

చిత్రనేత అంటే ఏది, ఏది కాదు

టాపెస్ట్రీ అన్న మాటతోనే చాలా గందరగోళం మొదలవుతుంది. గోడకు తగిలించే ప్రతి బొమ్మల గుడ్డనూ టాపెస్ట్రీ అనడం వాడుకైపోయింది. ప్రసిద్ధమైన బేయూ టాపెస్ట్రీ నిజానికి నార గుడ్డ మీద సూదితో కుట్టిన కుట్టుపని. అది నేత కానే కాదు. అసలు టాపెస్ట్రీలో బొమ్మ గుడ్డ మీద ఉండదు, గుడ్డే బొమ్మ.

మామూలు నేతలో పేక, అంటే అడ్డదారం, ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగుతుంది. చిత్రనేతలో అలా కాదు. ఒక్కో రంగు దారం తనకు కేటాయించిన మేర వరకే పోయి వెనక్కి మళ్లుతుంది. ముఖం దగ్గర ముఖపు రంగు, పక్కనే ఆకాశం దగ్గర ఆకాశపు రంగు. పేకను దగ్గరగా దిగ్గొట్టడంతో పడుగు, అంటే నిలువు దారాలు, పూర్తిగా కప్పబడిపోతుంది. కంటికి కనిపించేదంతా పేకే. రెండు రంగులు కలిసే చోట దారాలను ఒకదానికొకటి పెనవేయాలి, లేదంటే నిలువునా సన్నని చీలిక మిగిలిపోతుంది.

తెలుగు నేలలో నేత చూసినవారికి ఇందులో కొంత తెలిసిన సంగతే. పేక పడుగును కప్పేసే తీరు వరంగల్ జంపఖానాల్లో ఉంది. వేరువేరు రంగుల పేకలు అంచు దగ్గర పెనవేసుకునే పద్ధతి గద్వాల కుప్పడంలో ఉంది. కొంతమేరకే పోయి మళ్లే పేక ఉప్పాడ జాందానీలోనూ ఉంది. కానీ తేడా ముఖ్యం. జాందానీలో పూవును కట్టే దారం అదనపు పేక. దాన్ని లాగేసినా కింద చీర మిగులుతుంది. చిత్రనేతలో ఆ దారం లాగేస్తే అక్కడ ఖాళీ పడుగే మిగులుతుంది.

ఇంకో తేడా పని పంపకానిది. ఫ్రాన్స్‌లోని గోబెలిన్ కార్ఖానాల్లో చిత్రకారుడు నిండు సైజులో నమూనా గీసిస్తే నేతగాళ్లు దాన్ని ఉన్నిలోకి దించేవారు. నార్వేలో కూడా 19వ శతాబ్దం చివర గెర్హార్డ్ ముంతే అనే చిత్రకారుడి నమూనాలను వేరే చేతులు నేశాయి. ఆ నేతలో కొంత ట్రోండ్‌హైమ్ మ్యూజియం నడిపిన నేతశాలలోనే జరిగింది. ఫ్రీడా హాన్సెన్ (1855–1931) పని వేరు. స్టావాంగర్‌కు చెందిన ఈమె తనే నమూనా గీసుకుంది, తనే పద్ధతి కనిపెట్టింది. కొన్నిచోట్ల పడుగును నేయకుండా వదిలేసి వెలుతురు దాటేలా చేసే ‘పారదర్శక’ నేతకు 1897లో పేటెంటు తీసుకుంది. అయినా అక్కడ కూడా గీయడం ఒక దశ, నేయడం మరొక దశ.

రిగ్గెన్ ఆ గీతనే చెరిపేసింది. ఆమె మగ్గం వెనక నమూనా కాగితం ఉండేది కాదు. నేస్తూనే బొమ్మను కట్టుకుంటూ పోయేది. చిత్రనేతలో ఇది సాహసం, ఎందుకంటే పని ఒకవైపు నుంచి పేర్చుకుంటూ పోవాలి. నేసిన భాగం దోనె కర్రకు చుట్టుకుపోయి కనబడదు. కింద వేసిన చెయ్యి పైన వేసే తలకు కుదురుతుందా లేదా అన్నది చివర్లో విప్పితేనే తెలుస్తుంది. తప్పనిపిస్తే చెరిపి దిద్దే వీలు లేదు, ఊడదీయాలి. ఆమె బొమ్మల్లో మనుషులు ఎదురుగా నిలబడి, చదునుగా, గళ్ళు గళ్ళుగా విడిన నేపథ్యంలో కనిపించడానికి ఒక కారణం ఇది. మగ్గం ఇచ్చే నిలువూ అడ్డమూ ఆమె ఒప్పుకుంది. ఇంకో కారణం నార్వే మధ్యయుగపు నేత. 1879లో బాల్డిస్‌హోల్ చర్చిలో బయటపడ్డ నేతముక్కలో ఏప్రిల్, మే నెలలు మనుషుల రూపంలో రెండు కమానుల కింద ఉంటాయి. నీడలూ లోతూ లేవు. ఆ పద్ధతిలోనే ఆమె తన కాలపు వార్తలు చెప్పింది.

నీలి కుండ

రిగ్గెన్ పనిలో ఎక్కువమందికి గుర్తుండిపోయే వస్తువు ఒక కుండ. నార్వేలో పాత ఇళ్లలో ‘కుండ నీలం’ అనే రంగు ఉండేది. అందులోకి వెళ్లేవి రెండే, నీలిమందూ, పులిసిన మూత్రమూ. ఇంటికొచ్చిన అతిథులు కూడా ఆ కుండకు తమ వంతు ఇవ్వాల్సి వచ్చేదన్న కథ రిగ్గెన్ గురించి ఎక్కడ మాట వచ్చినా వినిపిస్తుంది.

కథ నవ్వు తెప్పించినా వెనక ఉన్న రసాయనం గట్టిది. నీలిమందు నీళ్లలో కరగదు. కరగని రంగు నూలుకు పట్టదు. అది కరగాలంటే రెండు కావాలి. నీళ్లకు క్షారగుణం ఉండాలి, ఆ నీళ్లలో ఆక్సిజన్ లేకుండా పోవాలి. మూత్రం నిలవ ఉంటే అందులోని యూరియా విరిగి అమ్మోనియా పుడుతుంది, అదే క్షారం. పులియబెట్టే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను లాగేస్తాయి. కుండను పొయ్యి పక్కన గోరువెచ్చగా ఉంచితే కొన్నాళ్లకు లోపలి ద్రవం పచ్చటి పసుపులోకి దిగుతుంది. అప్పుడు ఉన్ని ముంచాలి. బయటకు తీసినప్పుడు ఉన్ని ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ, చూస్తుండగానే, నీలంలోకి మారిపోతుంది. మళ్లీ ముంచితే ఇంకాస్త ముదురు.

దక్షిణాదిన నీలి తొట్టెలు నడిపినవాళ్లు ఇదే పనిని సున్నం, తగిరిస గింజల పులుపుతో సాధించారు. మూత్రం బదులు గింజ, పొయ్యి బదులు ఎండ. సూత్రం ఒకటే.

మిగతా రంగులు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. భూర్జ చెట్టు ఆకూ బెరడూ, రాళ్ల మీద పెరిగే పాచిలాంటి లైకెన్లు, గట్ల మీది మొక్కలు. తెలుపూ బూడిదా నలుపూ గొర్రె మీద ఉన్నవే. ఉన్ని దువ్వడం, రాట్నం మీద వడకడం, ఉడకబెట్టడం, ఆరేయడం అంతా ఇంట్లో పనే. పొలం పనికీ వంటకీ మధ్య జరగాల్సిన పని.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. రిగ్గెన్ ‘పూర్తి స్వయం సమృద్ధి’ మీద రాసేవారు తరచూ హద్దు దాటుతారు. నీలిమందు మొక్క నార్వే చలిలో పండేది కాదు, అది బయటి నుంచే రావాలి. మగ్గం ఒక్కతే చేసుకున్నది కాదు, హాన్స్ చేతిది. అయినా అసలు విషయం చెదరదు. ఒక పెద్ద నేతకు కావలసిన సరుకులో దాదాపు అంతా ఇంట్లో, పెరట్లో ఉంది. ముందుగా డబ్బిచ్చే ఆసామీ అక్కర్లేదు. ఆసామీ లేనప్పుడు ఏ బొమ్మ నేయాలో చెప్పేవాడూ ఉండడు. మన దగ్గర మాస్టరు నేతగాడి నూలు తెచ్చి కూలికి నేసే నేతగాడికీ, సొంత నూలుతో నేసేవాడికీ మధ్య తేడా తెలిసినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

వార్త వేగం, మగ్గం వేగం

నేత నెమ్మదైన పని, రాజకీయ వార్త రేపటికి పాతబడిపోయేది. ఈ రెండూ ఎలా కుదిరాయి?

తేదీలు పక్కపక్కన పెడితే ఆశ్చర్యమే. ఇటలీ ఇథియోపియా మీదకు దండెత్తింది 1935 అక్టోబర్‌లో. ‘ఇథియోపియా’ నేత మీద ఉన్న సంవత్సరం కూడా 1935. జర్మనీలో లీసెలొట్టె హెర్మాన్ అనే కమ్యూనిస్టు యువతిని, చిన్న కొడుకున్న తల్లిని, 1938 జూన్ 20న తల నరికి చంపారు. ఆమె పేరుతో రిగ్గెన్ నేసిన నేత ఆ ఏడాదిదే. 1936 నాటి ‘కలల చావు’లో నాజీల చెరలో ఉన్న జర్మన్ పాత్రికేయుడు కార్ల్ ఫాన్ ఓసియెట్‌స్కీ ఉన్నాడు. 1935 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతిని నార్వే కమిటీ అతనికి ప్రకటించింది 1936లోనే. దానికి మండిపడ్డ హిట్లర్ జర్మన్లెవరూ ఇకపై నోబెల్ తీసుకోకూడదని ఆజ్ఞ వేశాడు. అంటే తీరం చివర ఉన్న ఆ కమతానికి వార్త చేరడమే కాదు, చేరిన వెంటనే పడుగు తోడుతున్నారు.

‘గెర్నికా’తో పోల్చి చూడొచ్చు. స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు పడింది 1937 ఏప్రిల్ 26న. పికాసో దాదాపు ఐదు వారాల్లో ఆ పెద్ద కాన్వాసు ముగించాడు. అతనికి స్పెయిన్ ప్రభుత్వం ముందే గోడ ఇచ్చింది. రిగ్గెన్‌కు గోడా లేదు, అడిగినవారూ లేరు. అందువల్ల ఆమె నేతల్లో ఒక్క క్షణపు పిడుగుపాటు కాక, పక్కపక్కన పేర్చిన ఘట్టాలు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోవచ్చు. తోలుబొమ్మలాట తెర మీద పాత్రలు వరసగా ఆనించినట్టు.

అలాగని ఆమె చూపు విదేశాల మీదే లేదు. 1933 నాటి నేత పేరును ‘అప్పుల సముద్రం ఒడ్డున చేపల వేట’ అనుకోవచ్చు. ఆ రోజుల్లో ధరలు పడిపోయి నార్వే రైతుల కమతాలు వేలానికి వచ్చాయి. మన భాషలో అప్పు ఊబి. సముద్రం పక్కన బతికిన ఆమెకు అప్పు సముద్రమైంది. మరుసటి ఏటి ‘మేమూ మా పశువులూ’ తాము పెంచుకునే జీవాలతోనూ, వాటిని కోసుకు తినే బతుకుతోనూ పేచీ. 1937లో పెళ్లికాని తల్లి మీద ఒకటి, 1947లో మూర్ఛవ్యాధితో బాధపడిన కూతురి కోసం ‘తల్లి గుండె’. రాజకీయం ఒక గదిలో, ఇల్లు ఒక గదిలో అన్న విభజన ఆ మగ్గానికి తెలియదు.

1942 అక్టోబర్ 6

జర్మనీ 1940 ఏప్రిల్‌లో నార్వేను ఆక్రమించుకుంది. ఓర్లాండ్ చదును నేల వాళ్లకు విమానాశ్రయంగా పనికొచ్చింది. రిగ్గెన్ల కమతం చుట్టుపక్కలంతా సైన్యమే. ఆ సైనికుల కళ్లముందే ఆమె తన నాజీ వ్యతిరేక నేతలను బట్టలారేసే తీగ మీద వేసేదని చెబుతారు. చిత్రపటాన్ని బయట పెడితే ప్రదర్శన. గుడ్డను బయట ఆరేస్తే ఇంటిపని. నేతను చిన్నచూపు చూసే లోకమే ఆమెకు ఆ చాటు ఇచ్చింది.

1942 అక్టోబర్ 6న ఆక్రమణ ప్రభుత్వాధిపతి యోసెఫ్ టెర్బోవెన్ ట్రోండ్‌హైమ్ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. విధ్వంస చర్యలకు ‘ప్రాయశ్చిత్తం’ పేరుతో పేరున్న పదిమంది పౌరులను విచారణ లేకుండా కాల్చి చంపారు. వారిలో ఆ ఊరి నాటకశాల అధిపతి, నటుడు హెన్రీ గ్లెడిచ్ ఒకడు. ఆ కొద్దిరోజుల్లో ప్రాణాలు పోయినవారు మొత్తం 34 మంది.

మరుసటి ఏడు పూర్తైన ‘1942 అక్టోబర్ 6’ నేత నాలుగు మీటర్లకు పైగా పొడవు. ఎడమవైపు గ్లెడిచ్ కూలిపోతున్నాడు. పైన గాల్లో తేలుతున్న హిట్లర్ వెనక నుంచి ఓక్ ఆకులు ఊడిపడుతున్నాయి. ఓక్ ఆకు జర్మన్ సైనిక గౌరవ చిహ్నం. దాన్ని ఆమె అపానవాయువుగా మార్చింది. ఒకచోట ఒక పడవ, అందులో రిగ్గెన్ కుటుంబం. మరోచోట ఇటుకల బురుజులో బ్రిటన్ ప్రధాని చర్చిల్, కాపలాగా అనుకోవాలో, దూరాన నిలబడ్డాడనుకోవాలో చూసేవారి ఇష్టం. ఊళ్లో జనం గుసగుసగా చెప్పుకునే మోటు హాస్యం నాలుగు మీటర్ల ఉన్నిలోకి ఎక్కింది. విషాదాన్నీ బూతునూ ఒకే పడుగు మీద పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ నేత ఆక్రమణదారుల చేతికి దొరికితే ఏమయ్యేదో చెప్పాల్సిన పని లేదు.

1944లో హాన్స్‌ను అరెస్టు చేసి ఆస్లో దగ్గరి గ్రీనీ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ‘గ్రీనీ’ పేరుతో 1945లో వచ్చిన నేతలో అతను ఖైదీ. కూతురు గుర్రమెక్కి అతని వైపు వస్తోంది. హాన్స్ బతికి తిరిగొచ్చాడు, 1956లో కన్నుమూశాడు.

కళా, చేతిపనా

యుద్ధం తర్వాత రిగ్గెన్‌కు గుర్తింపు రాకపోలేదు. 1958లో ఆస్లోలో ప్రభుత్వ ప్రధాన భవనం కోసం ‘మనం ఒక నక్షత్రం మీద బతుకుతున్నాం’ అనే పెద్ద నేతను ఇచ్చింది. 1964లో ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన బినాలేలో నార్వే తరఫున పాల్గొంది. అదే ఏడు నార్వే కళాకారుల వార్షిక ‘శరత్ ప్రదర్శన’ మొదటిసారి ఒక నేతను లోపలికి రానిచ్చింది, అది ఆమెదే. అప్పటికి ఆమెకు డెబ్భై ఏళ్లు. ‘ఇథియోపియా’ నేసి దాదాపు ముప్పై ఏళ్లు.

అంతవరకూ అడ్డుపడ్డది ఏమిటంటే వర్గీకరణ. యూరప్ కళా సంస్థల్లో చిత్రలేఖనం, శిల్పం ఒక వరస. నేత, కుండలు, కలపపని మరో వరస. మొదటిదానికి అకాడమీ, రెండోదానికి చేతిపనుల మ్యూజియం. రెండో వరసలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం కాకతాళీయం కాదు. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి బయట కళ అన్న పేరు ఇవ్వడానికి సంస్థలు ఎక్కడైనా వెనకాడాయి. ఆమె నేతల్లో అతిపెద్ద సంగ్రహం నేటికీ ట్రోండ్‌హైమ్‌లోని నోర్డెన్‌ఫెల్‌స్కే అలంకార కళల మ్యూజియంలో ఉంది. చిత్రకళ మ్యూజియంలో కాదు.

దీనికి మరో కారణం కూడా తోడైంది, దాన్ని విశ్లేషకులు తక్కువగా పట్టించుకుంటారు. పెద్ద నేతలను ప్రైవేటు వ్యక్తులకు అమ్మడానికి ఆమె ఇష్టపడేది కాదు. అవి జనం చూసే చోట ఉండాలన్నది ఆమె పట్టు. ఫలితం రెండు రకాలుగా వచ్చింది. నేతలు చెదిరిపోకుండా ఒకచోట మిగిలాయి, అది లాభం. కానీ చేతులు మారని కళకు వేలం ధర ఉండదు. ధర లేని కళ గురించి పెద్ద నగరాల గ్యాలరీలు కేటలాగులు వేయవు. ఇరవయ్యో శతాబ్దంలో కళాకారుల పేరు దేశాలు దాటింది చాలావరకు ఆ దారినే. ఆమె ఆ దారి తొక్కలేదు.

చివరి దశలోనూ ఆమె చల్లబడలేదు. 1966లో ‘గడ్డిలో రక్తం’ నేసింది. పచ్చటి పచ్చిక మీద ఎర్రటి గీతలు. పక్కన కౌబాయ్ టోపీ పెట్టుకుని, కుక్కతో నిలబడ్డ అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్. వియత్నాం ఎక్కడా బొమ్మగా కనిపించదు, ఆ పచ్చికే వియత్నాం. 1970 ఫిబ్రవరి 2న ఆమె ట్రోండ్‌హైమ్‌లో మరణించింది.

ఆ తర్వాతి తరానికి దారి కొంత సుగమమైంది. 1977లో నార్వే నేత కళాకారులు సొంత సంఘం పెట్టుకున్నారు. 1982లో సిన్నోవె ఆంకెర్ ఔర్డాల్ అనే మరో నేత కళాకారిణి వెనిస్‌లో నార్వేకు ప్రాతినిధ్యం వహించింది.

ఇప్పుడెందుకు వెలుగులోకి

2012లో జర్మనీలోని కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా ప్రదర్శన రిగ్గెన్ నేతలను తెచ్చి పెట్టింది. హిట్లర్‌ను గేలి చేసిన ఆ ఉన్ని జర్మన్ గోడ మీదకు చేరడానికి డెబ్భై ఏళ్లు పట్టింది. 2015లో ఆస్లో జాతీయ మ్యూజియం, 2017లో ఆక్స్‌ఫర్డ్, 2019లో ఫ్రాంక్‌ఫర్ట్. 2016 నుంచి ట్రోండ్‌హైమ్‌లో మూడేళ్లకోసారి ఆమె పేరుతో ప్రదర్శన జరుగుతోంది.

ఆమె మళ్లీ వెలుగులోకి రావడానికి కారణాలు కొన్ని కళాలోకం లోపలివి. మరుగున పడ్డ మహిళా కళాకారుల కోసం మ్యూజియాలు తమ గోదాములు తిరగేస్తున్నాయి, బట్టనూ దారాన్నీ సమకాలీన కళలో మామూలు మాధ్యమంగా ఒప్పుకుంటున్నాయి. కొన్ని బయటివి. నియంతలూ నిర్బంధాలూ మళ్లీ పత్రికల మొదటి పేజీకి వస్తే, వాటిని ముందే నేసిన మనిషి గుర్తుకొస్తుంది. పర్యావరణం గురించి ఆలోచించేవారికి ఆమె రంగులూ ఉన్నీ వేరే కారణంగా నచ్చుతున్నాయి. ఈ చివరి ఆసక్తిలో ఒక ప్రమాదం లేకపోలేదు. పల్లెటూరి కమతం, మొక్కల రంగులు, నీలి కుండ, వీటి చుట్టూ అల్లే ముచ్చటైన కథలో ముసోలినీ తల మరోసారి మడతలోకి పోవచ్చు.

బొమ్మను కప్పేయడం 1937తో ఆగిన అలవాటు కాదు. ‘గెర్నికా’కు నేతరూపంలో ఒక ప్రతి ఉంది. 1955లో నేయించిన ఆ నేత న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి గది బయట వేలాడుతుండేది. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ ఇరాక్ యుద్ధం గురించి అక్కడ మాట్లాడే రోజుల్లో దానిపై నీలి తెర కప్పారు. కెమెరాలకు నేపథ్యం బాగుండాలన్నది అప్పుడు చెప్పిన కారణం.

నక్షత్రం మీది చిరుగు

‘మనం ఒక నక్షత్రం మీద బతుకుతున్నాం’ నడుమ ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఒంటి మీద బట్టల్లేకుండా, ఒకరినొకరు పట్టుకుని ఉంటారు. చుట్టూ విశ్వం. నియంతల్లేరు, ఈటెల్లేవు. రిగ్గెన్ నేతల్లో ఇంత ప్రశాంతమైనవి తక్కువ. ఎర్లింగ్ విక్షో రూపకల్పన చేసిన ఎత్తైన ప్రభుత్వ భవనం ప్రవేశమందిరంలో, ఉద్యోగులూ మంత్రులూ రోజూ దాని ముందునుంచే నడిచేవారు.

2011 జూలై 22 మధ్యాహ్నం ఆ భవనం బయట తీవ్ర రైటిస్టు ఉగ్రవాది ఒకడు వ్యానులో పెట్టిన బాంబు పేలింది. అక్కడ ఎనిమిది మంది చనిపోయారు. అదే మనిషి ఆ సాయంత్రం ఉటోయా దీవిలో అరవై తొమ్మిది మందిని చంపాడు. ప్రవేశమందిరంలో ఉన్న నేత చిరిగింది. పక్కనే ఉన్న వై-బ్లాక్ భవనాన్ని పెద్ద వివాదం మధ్య 2020లో కూల్చేశారు. దాని కాంక్రీటు మీద పికాసో, కార్ల్ నెషార్ చేసిన చిత్రాలను గోడతో సహా కోసి తీయాల్సి వచ్చింది.

నేత విషయం అంత కష్టం కాలేదు. దాన్ని దించి, దుమ్మూ గాజుపెంకులూ తీసి, చిరిగిన చోట కుట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే కింది భాగంలో ఆ కుట్టు ఇప్పటికీ కనిపిస్తుంది.